కట్టంగూర్‌లో దొరికిన పెండ్లి సామాను

నా పెండ్లి సామాను కోసం మొదటిసారి నల్లగొండకు వెళ్లిన రోజున మా అమ్మ ఒక దుకాణంలో అరిచింది. మాటవరసకు చెప్పడం కాదు, నిజంగానే అరిచింది. గల్లాపెట్టె దగ్గర చీటీ రాస్తున్న మనిషి ఉలిక్కిపడి తలెత్తి చూశాడు.

"కొబ్బరికాయకు పన్నెండు నూర్లా!"

అది మామూలు కొబ్బరికాయ కాదు. చుట్టూ ముత్యాలు, అద్దం ముక్కలు, ఎర్ర పూసలు అంటించి, ముందు భాగంలో చిన్న లక్ష్మీదేవి బొమ్మ పెట్టారు. పెండ్లికూతురు దాన్ని రెండు చేతులతో పట్టుకుని మండపానికి నడవాలట.

"కొబ్బరికాయకు కాదమ్మా, డిజైన్‌కు" అన్నాడు దుకాణం ఆయన ఓపికగా.

"లగ్గమైనంక పలగ్గొట్టి తొక్కు నూరుకోవచ్చా?"

"పలగ్గొట్టేది కాదమ్మా. షోకేసుల పెట్టుకునేది."

"మా లగ్గాలల్ల గిదెక్కడిది? నేను పసుపు కొమ్ము కట్టుకోని నడిచిన."

"ఇప్పుడు ఫొటోలు తీసేటోళ్లే అడుగుతుండ్రు. చేతుల ఇది లేకపోతే ఫొటో బోసిగ ఉంటదని."

ఆ తర్వాత అడ్డుతెర ధర అడిగాం. వధూవరుల మధ్య జీలకర్ర బెల్లం వేళ పట్టే ఆ రెండు గజాల గుడ్డకు, మీద పేర్లు కుట్టిస్తే, మా బాపు ఒక చీర నేసినందుకు వచ్చే కూలి కంటే ఎక్కువ చెప్పాడు. అమ్మ ఈసారి అరవలేదు. నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. ఆ రోజు మేం కొన్నది ఒక్క పసుపు కొమ్ముల పొట్లం.

కరోనా వచ్చిన తర్వాతి సంవత్సరం అది. చిట్యాల దగ్గరి మా ఊళ్లో బాపు మగ్గం మీద ఇంకా చీరలు నేస్తున్నాడు కానీ నేసినవి నేసినట్టే ఇంట్లో పేరుకుపోతున్నాయి. నేను చిట్యాలలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. బడి తెరుచుకున్నా జీతం సగమే ఇస్తున్నారు. సంబంధం మక్తల్ నుంచి వచ్చింది. వాళ్లూ ఒకప్పుడు మగ్గం నేసిన కుటుంబమే. అబ్బాయి మహబూబ్‌నగర్‌లో మోటారు సైకిళ్ల షోరూంలో పెద్ద ఉద్యోగమని మధ్యవర్తి చెప్పాడు. కట్నం మాట వాళ్లు ఎత్తలేదు. పెండ్లి మాత్రం మా ఇంటి దగ్గరే చెయ్యాలన్నారు. చీర బాపు నేస్తాడు. మిగతా సామానంతా నేను చూసుకుంటానని మాటిచ్చాను.

ఆ పనిలో నాకు గర్వం కూడా మొదలైంది. బాషికాలకు నాలుగు దుకాణాలు, తలంబ్రాల పళ్లేలకు ఐదు, పూలజడకు ఫోన్లో ఎన్ని చోట్లో నాకే లెక్క లేదు. ఎక్కడ ఏది అగ్గువ, ఎక్కడ ఏది పిరం, నన్నడిగితే నిద్రలో కూడా చెప్పేదాన్ని. బడిలో మిగతా టీచర్లు తమ ఇండ్లలో పెండ్లిళ్లకు నన్ను అడగడం మొదలుపెట్టారు.

అట్లా ఒకరోజు హిందీ టీచరు తన ఫోన్‌కు వచ్చిన ఒక మెసేజీ నాకు పంపింది. కట్టంగూర్‌లో ఎవరో పెండ్లి సామాను మొత్తం అమ్ముతున్నారు. ఒక్కసారి కూడా వాడలేదట. అన్నీ కలిపి తీసుకుంటే సగం ధరకే ఇస్తారట. కింద ఫొటోలున్నాయి. నేను అదే గంటలో ఫోన్ చేశాను.

"ఉన్నదమ్మా. రాండ్రి, చూసుకోండ్రి" అని మాత్రం అన్నాడు అవతలి మనిషి.

వాడని సామాను ఎందుకు అమ్ముతున్నారని నేను అడగలేదు. అడిగితే ఎక్కడ ధర పెంచుతాడో అని నా భయం. ఎవరో దుకాణం ఎత్తేస్తున్నారు కాబోలని అమ్మ తనకు తానే నిర్ణయించేసుకుంది.

ఆదివారం పొద్దున సూర్యాపేట బస్సెక్కి కట్టంగూర్‌లో దిగాం. రోడ్డుకు కొంచెం లోపల, రెండు గదుల డాబా ఇల్లు. బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరైన పెద్దమనిషి మమ్మల్ని లోపలికి పిలిచి, నేల మీద చాప పరిచి, బీరువాలోంచి ఒక్కొక్కటే తెచ్చి పెట్టాడు. పల్చటి కాగితంలో చుట్టిన బాషికాలు. ముగ్గు గీసిన తలంబ్రాల పళ్లేలు రెండు. పసుపు దంచడానికి అరచేతిలో పట్టేంత రోలు, రోకలి. పన్నీరు చల్లే బుడ్డి. పట్టుపూల జడ, గిల్టు వడ్డాణం, ఇంకా డబ్బా తెరవని గాజులు. నేను ఒక్కొక్కటి తిప్పి చూస్తూ లోపల్లోపల ఎగిరి గంతులేస్తున్నాను. ఎక్కడా చిన్న గీత కూడా లేదు.

"మంచిగున్నయ్ అన్నా" అంది అమ్మ. "దుకాణం ఎత్తేస్తున్నవా?"

ఆయన నీళ్లు తేవడానికి లోపలికి వెళ్లాడు. అమ్మ పళ్లేల అడుగున మడతపెట్టి ఉన్న ఎర్రటి మఖ్మల్ గుడ్డను లాగి ఒళ్లో పరుచుకుంది. మీద జరీ దారంతో ఏవో అక్షరాలు కుట్టి ఉన్నాయి. అమ్మకు చదువు రాదు.

"ఏం రాసిండ్రు బిడ్డా?"

నేను చదివాను. ఒక అమ్మాయి పేరు. పక్కన ఒక అబ్బాయి పేరు. దుకాణం సరుకు మీద ఎవరి పేర్లూ ఉండవు.

నీళ్ల చెంబుతో వచ్చిన పెద్దమనిషి గుమ్మంలోనే నిలబడ్డాడు. "అది పొరపాటున కలిసొచ్చింది చెల్లె. ఆ తెర అమ్మేది కాదు. మొదటి పేరు మా బిడ్డది."

"లగ్గం?"

"కాలేదు. పద్నాలుగు రోజులుందనంగ ఆగింది."

అమ్మ ముఖంలో రంగు మారడం నేను చూశాను. ఒళ్లో ఉన్న గుడ్డను రెండు వేళ్లతో తీసి చాప మీద పెట్టింది. లేచింది. "లే బిడ్డా. పోదాం పా. గీ సామాను మనకొద్దు."

నేను ఇంకా చాప మీదే ఉన్నాను. ఆ ఇంట్లో ఎవరైనా చనిపోయారా, ఆ అమ్మాయి ఏమైంది అని నా మనసు ఎక్కడెక్కడికో పోతోంది. గాజుల డబ్బా ఇంకా నా చేతిలోనే ఉంది. అమ్మ అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. అంతలో లోపలి గదిలోంచి నా ఈడు అమ్మాయి ఒకామె, తడి తల తువ్వాలుతో తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"పిల్ల సచ్చిపోయిందనుకుంటున్నరా అమ్మా? నేనే. బతికే ఉన్న. కూసోండ్రి, చాయ తాగి పోండ్రి."

అమ్మ ఒక చెప్పుతో అట్లాగే నిలబడిపోయింది.

ఆమె నకిరేకల్‌లో ఒక దవాఖానలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం చేస్తోంది. నాకు ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుని, పక్కింటి కబురు చెప్పినంత మామూలుగా చెప్పింది. నాలాగే ఆమె కూడా తన పెండ్లి సామాను తనే కొనుక్కుందట. నాలాగే ఒక్కో వస్తువుకు నాలుగు చోట్ల అడిగిందట.

"పేర్లు కుట్టిన తెర దుకాణంల మస్తు పిరం చెప్పిండ్రు అక్కా. మిర్యాలగూడల ఒకామె ఇంట్లనే కుడ్తది, సగానికే ఇస్తదంటే ఆమెకు చెప్పిన. తయారైందని ఫోన్ చేస్తే తెచ్చుకుందామని పోయిన. అంచు ఇంకా కుట్టాల్నట, జర కూసో అన్నది. నాకు తోస్తలేదని తన ఫోన్ చేతికిచ్చింది, ఇంతకుముందు కుట్టినవి చూడుమని. ఆమెతోని కుట్టిచ్చుకున్నోళ్లు లగ్గమైనంక ఫొటోలు పంపుతరట. ఒక్కొక్కటి జరుపుకుంట చూస్తున్న. ఒక ఫొటోల తెర దింపిండ్రు, పెండ్లికొడుకు నవ్వుకుంట నిలవడ్డడు."

ఆమె తువ్వాలు మడిచి పక్కన పెట్టుకుంది.

"ఎవలు?" అంది అమ్మ గుమ్మంలోంచి.

"నన్ను చేసుకోబోయేటాయననే అమ్మా."

పెద్దమనిషి తల వంచుకుని చెంబు వంక చూస్తున్నాడు.

"పోలికేమో అనుకున్న. తమ్ముడేమో అనుకున్న. తెర మీద పేరు పెద్దగ చేసి చదివిన. అదే పేరు, అదే ఇంటిపేరు. ఆ ఫొటో అప్పటికి రెండేండ్లది. కుట్టేటామెను అడిగితే, ఒక్క పేరు చానామందికి ఉంటది గద బిడ్డా అన్నది పాపం. ఆమెకేం తెలుసు."

"మరి ఆ పిల్ల?" అమ్మ తనకు తెలియకుండానే చెప్పు విడిచి లోపలికి వచ్చింది.

"కుట్టేటామె దగ్గర నంబరు తీసుకోని, నేను, బాపు పోయినం. తల్లిగారింట్ల ఉన్నది. ఆర్నెల్లకే పంపించేసిండ్రట. విడాకులు గూడ కాలేదు. ఆమెకు మళ్లీ లగ్గమైతున్న సంగతే తెల్వదు. మేం చెప్తే... మాకు చాయ పోసుకుంట అట్లనే నిలవడ్డది. కప్పు నిండి కింద పోతాంది, ఆమెకు సోయి లేదు."

అమ్మ చాప మీద కూలబడింది. "ఓ అవ్వో" అని నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

నాకు ఆ క్షణాన భయం వేసింది. అది ఆ అమ్మాయికి జరిగిన దాని గురించి కాదు, నా గురించి. బాషికాల ధర నాలుగు దుకాణాల్లో అడిగినదాన్ని, పెండ్లి చేసుకోబోయే మనిషి గురించి ఒక్క ఇంట్లో కూడా అడగలేదు. మధ్యవర్తి చెప్పాడు, మేం తలూపాం. అబ్బాయి మా ఇంటికి ఒకసారి వచ్చాడు. నేను మక్తల్ ఎక్కడుందో ఫోన్లో పటం చూసి తెలుసుకున్నాను.

అమ్మ ఆ రోజు ఏమీ కొననివ్వలేదు. ఇంట్లో అడిగి చెప్తామంది. ఆగిపోయిన పెండ్లి సామాను ఇంట్లోకి తేవడం అశుభమని ఆమె అనలేదు కానీ ఆ మాట ఆమె ముఖం మీదే ఉంది. కట్టంగూర్ అమ్మాయి దాన్ని చదివేసింది. "మనసొప్పకపోతే తీసుకోకుండ్రి అమ్మా, నేనేమనుకోను" అంది. బస్సు దాకా మాతో నడిచి వచ్చింది. బస్సు కోసం చూస్తుండగా నన్ను పక్కకు పిలిచింది.

"అక్కా, పిల్లగాని సంగతి అరుసుకున్నరా? ఎవల్నన్న అడిగిండ్రా?"

"మధ్యవర్తి చెప్పిండు."

"మాకు గూడ మధ్యవర్తే చెప్పిండు."

మర్నాడు మధ్యాహ్నం బడిలో అన్నం గంట కొట్టగానే నేను ఆటస్థలం చివరికి వెళ్లి మక్తల్ అబ్బాయికి ఫోన్ చేశాను. నిశ్చయమైన తర్వాత మేం మాట్లాడుకున్నది మూడు నాలుగు సార్లు, అది కూడా తిన్నారా, పడుకున్నారా అనే వరకే. నేను ముందుమాట లేకుండా అడిగేశాను.

"మీకు ఇంతకుముందు లగ్గమైందా?"

అవతల ఎవరో పిలుస్తుంటే ఆయన కొంచెం పక్కకు నడిచిన చప్పుడైంది.

"లేదు" అన్నాడు. "గట్ల ఎవలు చెప్పిండ్రు?"

"ఎవలూ చెప్పలేదు. అడుగుతున్న. నాకు తెల్వాల్సింది ఇంకేమన్న ఉన్నదా?"

ఈసారి ఆయన గొంతు తగ్గించి చెప్పాడు.

"షోరూం నౌకరి పోయింది. మొదటి లాక్‌డౌన్లనే పోయింది. ఇప్పుడు మక్తల్ మార్కెట్ యార్డుల పని చేస్తున్న. సంబంధం చూసేటప్పుడే చెప్దామన్న. మళ్లీ షోరూం తెరుస్తరు, అప్పటిదాక ఆగు అన్నడు మధ్యవర్తి. తెరుస్తలేరు. మీకు ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు."

నేను ఫోన్ పెట్టేశాను. ఆ మధ్యాహ్నం ఏడో తరగతికి ఏ లెక్క చెప్పానో నాకు గుర్తులేదు. బోర్డు మీద వేసిన అంకె తప్పని పిల్లలే నాలుగుసార్లు చెప్పారట.

ఇంట్లో చెప్పగానే అమ్మ సంబంధం వద్దంది. మధ్యవర్తిని పట్టుకుని నిలదీస్తానని చెంగు నడుముకు చుట్టుకుంది. మగ్గం గుంటలో కూర్చున్న బాపు పోగు నడిపే నాడె పక్కన పెట్టి అంతా విన్నాడు. "ఎవడో చెప్పిన మాట మీద ఒప్పుకున్నం. ఇప్పుడు గూడ మాట మీదనే వద్దంటమా? పోయి చూద్దాం" అన్నాడు.

రెండు రోజుల తర్వాత బాపు, నేను చీకటితోనే బయల్దేరాం. హైదరాబాద్ మీదుగా మహబూబ్‌నగర్, అక్కడ రాయచూర్ బస్సు. మక్తల్‌లో దిగేసరికి ఎండ మాడు మీద ఉంది. వస్తున్నట్టు ఎవరికీ చెప్పలేదు. ముందు ఆయన ఇంటికీ పోలేదు. ఆ వీధిలో చాయ కొట్టు దగ్గర బాపు, రెండిళ్ల అవతల అరుగు మీద కూర్చున్న ముసలమ్మ దగ్గర నేను. నా పేరు కూడా చెప్పకుండా అడిగేశాను. ముసలమ్మ నన్ను పైనుంచి కింది దాకా చూసి, "నువ్వేనా చేసుకోబోయేది?" అంది. నేను నోరు తెరిచాను. "ఇంకెవలు అడుగుతరు బిడ్డా. పొద్దుగాల యార్డుకు పోతడు, మాపటికి వస్తడు. తాగంగ నేను చూడలే. తల్లికి కోపం జాస్తి. అది నువ్వు చూస్కో."

యార్డులో ఆయన కందుల బస్తాల మధ్య ఉన్నాడు. ఒళ్లంతా దుమ్ము. దబ్బనంతో గోనె సంచుల మూతి కుడుతున్నాడు. బాపు కాసేపు దూరం నుంచే ఆ చెయ్యి ఆడే తీరు చూశాడు. ఆయన తలెత్తి మమ్మల్ని చూశాడు. దబ్బనం సంచిలోనే ఉండిపోయింది. ఆ ముఖం నేను ఎప్పటికీ మరిచిపోలేను. పట్టుబడ్డ మనిషి ముఖం, అయినా ఎక్కడికీ పారిపోని ముఖం. ముందు మాకు నీళ్లు తెచ్చాడు. తర్వాత చేతులు కట్టుకుని బాపు ముందు నిలబడ్డాడు.

"తప్పయింది మామా."

"పని పోవుడు తప్పు గాదు" అన్నాడు బాపు. "మా మగ్గం గూడ రేపో మాపో పోతది. చెప్పకపోవుడు తప్పు."

తిరుగు బస్సులో బాపు నాతో ఒక్క మాటే అన్నాడు. "నీ ఇష్టం బిడ్డా. వద్దంటే వద్దు." నేను నాలుగు రోజులు ఆలోచించాను. ఐదో రోజు మళ్లీ ఫోన్ చేసి, ఇంకేమైనా అబద్ధం మిగిలి ఉందా అని అడిగాను.

"బండి గూడ నాది కాదు" అన్నాడాయన. "మీ ఇంటికి వేసుకొచ్చింది మా బావది."

ఎందుకో తెలియదు, నాకు నవ్వొచ్చింది. వారం రోజుల తర్వాత వచ్చిన మొదటి నవ్వు అది.

పెండ్లికి ఒప్పుకున్నానని చెప్పినప్పుడు అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తనే నా ఫోన్ తీసుకుని కట్టంగూర్‌కు కలపమంది. ఎందుకో నాకు అర్థం కాలేదు. "అన్నా, ఆ సామాను ఉన్నదా, అమ్మిండ్రా?" అని అడుగుతుంటే నేను నోరెళ్లబెట్టి చూశాను. కూరగాయల దగ్గర కొత్తిమీర కట్ట అదనంగా అడగకుండా ఏనాడూ రాని మా అమ్మ, ఆ రోజు ఆయన చెప్పిన ధరకు ఒక్క రూపాయి తగ్గించమనలేదు. ఫోన్ పెట్టేసి, "ఆ పిల్ల అడగకపోతే మనం అడుగుదుమా?" అంది. ఆ తర్వాత అశుభం మాట మా ఇంట్లో రాలేదు. మఖ్మల్ తెర వాళ్లు ఇవ్వలేదు, మేం అడగలేదు. మా పెండ్లిలో బాపు నేసిన తెల్ల పంచెకు నాలుగు మూలలా పసుపు పెట్టి తెరగా పట్టారు.

కట్టంగూర్ అమ్మాయి తండ్రితో కలిసి పెండ్లికి వచ్చింది. అమ్మ ఆమెను తన పక్కన కూర్చోబెట్టుకుని తినిపించింది. మా చుట్టాల్లో ఒకామె ఈ పిల్ల ఎవరని అడిగింది. ఎవరో దూరపు వాళ్లని చెప్పి ఊరుకుంటుంది అనుకున్నాను. అమ్మ మాత్రం బంతిలో అందరికీ వినపడేలా మొత్తం కథ చెప్పింది, మిర్యాలగూడ ఫొటో దగ్గర్నుంచి మక్తల్ ముసలమ్మ దాకా. నేను మండపం మీద నుంచి చూస్తున్నాను. ఆ అమ్మాయి చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. బంతి అంతా చేతులాపి వింటోంది. ఆమె ఇప్పుడు లేచి వెళ్లిపోతుందనుకున్నాను. ఆమె వెళ్లలేదు. కాసేపటికి మా మేనత్త, పెండ్లికెదిగిన కూతురున్న మనిషి, విస్తరి వదిలి ఆమె దగ్గరికి వచ్చి వంగింది.

"బిడ్డా, ఆ కుట్టేటామె నంబరు నాకియ్యి. తెర కుట్టిచ్చేటందుకు కాదు. జర ఆ ఫొటోలు ఒకసారి చూద్దామని."

ఇప్పుడు మేం మక్తల్‌లోనే ఉంటున్నాం. ముసలమ్మ చెప్పినట్టే మా అత్తకు కోపం ఎక్కువ. నేను ఇక్కడి బడిలో లెక్కలే చెబుతున్నాను. కట్టంగూర్ అమ్మాయికి మహబూబ్‌నగర్ దవాఖానలో ఉద్యోగం మారింది. పోయిన ఎండాకాలంలో ఫోన్ చేసి, మీ పక్క ఊరి నుంచే ఒక సంబంధం వచ్చింది, జర అరుసుకుని చెప్పవా అక్కా అని అడిగింది. నేను రెండు సెలవు రోజులు ఆ ఊళ్లో తిరిగాను. అబ్బాయి చదివిన బడిలో, పనిచేసే చోట, వీధిలో ఏడెనిమిది ఇండ్లలో అడిగాను. మంచివాడేనని చెప్పాను.

ఆమె నా మాట నమ్మలేదు. తరువాతి ఆదివారం తనే బస్సు దిగి, నాతో వచ్చి, నేను పోని ఇంకో నాలుగు ఇండ్లలో అడిగి, అప్పుడు సరేనంది.